పదవ తరగతి పిదప యంత్రమానవ శాస్త్రమునకు సోపానము



ఏటేట వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడగానే మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలోని యరుగులమీద ఒక్కటే ప్రసంగము: ఈ బిడ్డను ఎందులో చేర్పింపవలెను? తలిదండ్రులు మీయొద్దకు వత్తురు. మీ మాటను బట్టి ఒక కుటుంబము పొలము కుదువపెట్టుటయో, మానుటయో జరుగును. కావున ఈ విషయమున మీకు తెలియవలసినది కొంత కలదు.

నేను తెలుగు పండితుడనుగా చాలకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. కావ్యములును, వ్యాకరణమును చదివినవానికి యంత్రశాస్త్రముతో నేమి పని యని మీకు తోచవచ్చును. బడిలో పాఠము చెప్పినవానిని ఊరివారు అన్ని చదువులను గూర్చియు అడుగుదురు. అడిగినవారికి విచారించి చెప్పుట ఉపాధ్యాయ ధర్మము. మా సంప్రదాయమున ఏ శాస్త్రము నారంభించినను నాలుగు సంగతులు ముందుగా చెప్పుదురు. విషయ మేది, ప్రయోజన మేమి, అధికారి యెవరు, వీనికి పరస్పర సంబంధ మెట్టిది యనునవి యా నాలుగు. వీనికి అనుబంధ చతుష్టయమని పేరు. ఈ ప్రసంగమును గూడ నేనా క్రమముననే నడిపించెదను.

మొదటిది విషయము. రోబోటు అను మాట 1920లో కారెల్ చాపెక్ అను చెక్ దేశపు రచయిత వ్రాసిన నాటకమువలన లోకమున వ్యాపించినది. ఆ భాషలో దాని మూలమునకు అర్థము వెట్టిచాకిరి. వెట్టి యన నేమో మన పెద్దలకు నేను విప్పి చెప్పనక్కరలేదు. మనము దానిని యంత్రమానవుడనియు, మరమనిషి యనియు వ్యవహరించుచున్నాము. అయితే అది మనిషి రూపమున నుండవలె నను నియమము లేదు. 1961లో అమెరికాలోని యొక మోటారు కర్మాగారమున పనికి పెట్టబడిన మొదటి యంత్రము ఒంటి చేయి మాత్రమే. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ ఆరు చక్రముల బండి. భోజరాజు పేరిట నున్న సమరాంగణ సూత్రధారములో యంత్రములను గూర్చి యొక యధ్యాయమే కలదు. అంతమాత్రమున నేటి శాస్త్రమంతయు మన తాళపత్రములలో నుండెనని చెప్పుట నాకు సమ్మతము కాదు. ఊహ ప్రాచీనము, సాధన నవీనము.

మీరెరిగిన యంత్రముతో దీనిని బోధపరచెదను. మన మిల్లులలో సార్టెక్సు బియ్యమని యమ్ముచున్నారు గదా! ఆ యంత్రమున బియ్యపుగింజలు జారుచుండగా ఒక కెమెరా ప్రతి గింజను చూచును. రంగు చెడిన గింజయో, రాయియో కనబడిన క్షణమున సన్నని గాలిపోటు దానిని ప్రక్కకు నెట్టును. ఇందు మూడు వ్యాపారములు కలవు: చూచుట, నిర్ణయించుట, చేయుట. మన దర్శనభాషలో చెప్పవలెనన్న కెమెరా జ్ఞానేంద్రియము, లోపలి కంప్యూటరు బుద్ధి, గాలిపోటు కర్మేంద్రియము. ఈ మూడును కూడిన యంత్రముల నిర్మాణమును నేర్పు శాస్త్రమే రోబోటిక్సు. శరీరభాగమును మెకానికల్ శాఖయు, నరములును కండరములునగు భాగమును ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్సు శాఖలును, బుద్ధిభాగమును కంప్యూటరు శాఖయు నేర్పును. కావున ఈ విద్యకు ద్వారము ఒక్కటి కాదని మొదట గుర్తింపవలయును.

రెండవది ప్రయోజనము. మన జిల్లాలనుండి ఏటేట ఎందరు కూలిపనికై హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును వలసపోవుచున్నారో మీరెరుగుదురు. పలాసలో జీడిపప్పు ఒలిచి యేరుటకు చేతులే యాధారమైన యిండ్లు వేలకొలది. చేతిపనిని క్రమముగా యంత్రము గ్రహించుచున్నది. దీనిని తిట్టినందువలన నది యాగదు. యంత్రమును నడపుటకు, మరమ్మతు చేయుటకు, మన పంటకు తగినట్లు మలచుటకు మనుష్యులు కావలయును. ఆ మనుష్యులు మన బిడ్డలు కావలెనా, పొరుగువారి బిడ్డలు కావలెనా యనునదే ప్రశ్న. అయితే ఈ చదువు చదివిన ప్రతివానికిని పెద్ద జీతము చేతిలో పడునని చెప్పు ప్రకటనలను నమ్మవలదు. విద్య వచ్చినవానికి పని దొరకును. కాగితము మాత్రము వచ్చినవాడు దానిని పెట్టెలో దాచుకొనును.

మూడవది అధికారి, అనగా ఈ చదువునకు అర్హుడు. పదవ తరగతి ముగిసిన బిడ్డకు ఇంజనీరింగు పట్టమునకు ముఖ్యముగా మూడు త్రోవలు కలవు. ఇంటరులో గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు రెండేండ్లు చదివి, ఈ.ఏ.పి.సెట్ వ్రాసి, నాలుగేండ్ల బి.టెక్.లో చేరుట మొదటిది. 2016లో స్థాపింపబడి ఎచ్చెర్లలో నున్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళము ప్రాంగణమువంటి చోట పదవ తరగతి మార్కులమీద నేరుగ చేరి, ఆరేండ్లు ఒక్కచోటనే చదువుట రెండవది. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నికులో మూడేండ్ల డిప్లొమా ముగించి, ఈసెట్ అను ప్రవేశపరీక్షద్వారా బి.టెక్. రెండవ యేట చేరి, మరి మూడేండ్లు చదువుట మూడవది.

ఇప్పుడు లెక్క చూడుడు. రెండును నాలుగును ఆరు. మూడును మూడును ఆరు. ఎచ్చెర్ల చదువును ఆరే. ఏ త్రోవను పోయినను పట్టము చేతికి వచ్చుట ఒక్క యేటనే. పాలిటెక్నికు పోయిన పిల్లవాడు వెనుకబడునను మాట సరికాదు. ఒకనాడు ఒక రైతు నాయొద్దకు వచ్చి, "మేష్టారూ, మా గుంటడు పాలిటెక్నిక్‌లో చేరతానంటన్నాడండి. ఇంటరయితే ఇంజినీరవుతాడు, ఇదయితే మేస్త్రీగానే ఉండిపోతాడేమోనండి" అని వాపోయెను. అతని భయము మన గ్రామములలో నందరిదియును. నేను వానికి పైలెక్కయే చెప్పి, మరియొక భేదమును చూపితిని. నడుమ నింటిలో నాపద వచ్చి చదువు ఆగెనేని, ఇంటరు మాత్రము చదివినవాని చేతిలో ఏ వృత్తియు నుండదు. డిప్లొమా పొందినవాడు రైల్వేలో జూనియర్ ఇంజనీరు పరీక్షకు కూర్చుండగలడు. పైడిభీమవరము మందుల కర్మాగారములలోనో, విశాఖపట్టణపు పరిశ్రమలలోనో పని వెదకుకొనగలడు. ఆరు మెట్ల నిచ్చెనలో మూడవ మెట్టుమీద నిలుచుటకు చోటుండుటయే ఈ త్రోవకు గల గుణము.

మొదటి త్రోవకును గుణము కలదు, చెప్పకుండుట న్యాయము కాదు. ఇంటరువాడు బి.టెక్. మొదటి యేటి గణితమును, కంప్యూటరు ప్రోగ్రాముల రచనను తరగతిలో కూర్చుండి నేర్చును. డిప్లొమావాడు ఆ యేటిని దాటివేసి నేరుగ రెండవ యేట ప్రవేశించును. దాటిన మెట్టు కాలిక్రింద లేదు గదా! దాని సంగతి ముందు చెప్పెదను.

నాలుగవది సంబంధము. డిప్లొమాకును పట్టమునకును గల ముడి యిదియే. ఎక్కువమంది చిక్కుకొనునదియు నిచ్చటనే. ఈసెట్ పరీక్ష మొత్తము 200 మార్కులకు జరుగును. కాలము మూడు గంటలు. డిప్లొమావారికి గణితమునకు 50, భౌతికశాస్త్రమునకు 25, రసాయనశాస్త్రమునకు 25, తాను చదివిన ఇంజనీరింగు శాఖకు 100 మార్కులు. ఉత్తీర్ణతకు సామాన్యముగా నూటికి 25 పాళ్లు, అనగా 50 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు ఈ కనీస నియమము లేదు. తప్పు సమాధానమునకు మార్కులు కోయరు. డిప్లొమాలో ఏ శాఖ చదివినవాడు బి.టెక్.లో ఏ శాఖలకు అర్హుడో నియమావళిలో పట్టికగా ఇయ్యబడును. సివిలు డిప్లొమా చదివి, తరువాత మనసు మారి ఎలక్ట్రానిక్సునకు పోదమనిన దారి దొరకదు. పదునైదు, పదునారేండ్ల ప్రాయమున పాలిటెక్నికు కౌన్సెలింగులో ఎన్నుకొనిన శాఖయే ఆరేండ్ల తరువాతి పట్టమును చాలవరకు నిర్ణయించును. ఆనాడు ఆ పిల్లవాని ప్రక్కన తెలిసిన పెద్ద యొకడు కూర్చుండుట అవసరము.

ఈ ముడి యెట్టిదో అమెరికాతో పోల్చినచో ఇంకను తేటపడును. మన జిల్లాల పిల్లలనేకులు అక్కడ స్థిరపడియుండుటచే మీలో కొందరు వినియేయుందురు. అచ్చట కమ్యూనిటీ కళాశాలలని కలవు. వానిలో ప్రభుత్వపక్షమున మొదటిదిగా చెప్పబడునది 1901లో ఇల్లినాయి రాష్ట్రపు జోలియట్ పట్టణమున వెలసినది. అందు తక్కువ రుసుముతో రెండేండ్లు చదివి, సుమారు 60 క్రెడిట్లు సంపాదించి, నాలుగేండ్ల పట్టమునకు కావలసిన సుమారు 120లో వానిని జమకట్టించుకొని విశ్వవిద్యాలయమున చేరవచ్చును. అయితే జమ ఒక్కొక్క పాఠమునకు వేరువేరుగా జరుగును. ఈ గణితము చెల్లును, ఆ భౌతికము చెల్లదు అని విశ్వవిద్యాలయము చెప్పును. క్రెడిట్టు ఇచ్చినను, పట్టమునకు లెక్కింపకపోవుటయు కలదు. కావున అచ్చటి విద్యార్థి మొదటినాడే తాను చేరదలచిన విశ్వవిద్యాలయపు ఒప్పందపత్రమును చూచుకొని, దానికి సరిపడు పాఠములనే యెన్నుకొనును. 2007లో రోబోటిక్సునకే ప్రత్యేకముగ పట్టపు చదువును అమెరికాలో మొదట నెలకొల్పిన సంస్థ పేరు వర్సెస్టర్ పాలిటెక్నిక్. పాలిటెక్నిక్ అను మాటను చిన్నచూపు చూచువారు ఈ సంగతి గమనింపవలెను.

మనదేశమున పాఠమునకు పాఠము జమకట్టు పద్ధతి ఈ త్రోవయందు లేదు. డిప్లొమా మొత్తమును ఒక్క ముద్దగా గ్రహించి మొదటి యేటిని వదలివేయుదురు. కావున అచ్చటివానికి ఏ పాఠము చెల్లునన్నది చింత. మనవానికి శాఖ సరియైనదా, ర్యాంకు చాలునా, వదలిన యేటి లోటు తీరినదా యను మూడు చింతలు. మన యేర్పాటంతయు నీ మూడింటిచుట్టు తిరుగవలయును.

శాఖను గూర్చి మొదట చెప్పెదను. రోబోటిక్సు అను పేరుగల బి.టెక్. చదువులు కొన్నిచోట్ల మాత్రమే కలవు. పేరు కొరకు దూరము పరుగెత్తనక్కరలేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు శాఖలలో నేది చదివినను ఈ విద్యకు చేరవచ్చును. ఇనుముతో, పనిముట్లతో చెలిమి చేయు పిల్లవాడు మెకానికల్, రేడియోలు, ఫోనులు విప్పి చూచువాడు ఎలక్ట్రానిక్సు, మోటారులమీద మక్కువ గలవాడు ఎలక్ట్రికల్, లెక్కలలో తర్కము నిష్టపడువాడు కంప్యూటరు శాఖ గైకొనుట మంచిది. బి.టెక్.లో చేరిన పిమ్మట తన శాఖతోపాటు మైనరు అను పేర 18 మొదలు 20 క్రెడిట్ల పాఠములను అదనముగా చదువు వీలును అఖిలభారత సాంకేతిక విద్యామండలి కల్పించినది. అట్టి నూతన విషయములలో రోబోటిక్సు నొకటిగా నా మండలి పేర్కొన్నది. చేరదలచిన కళాశాలలో ఆ మైనరు నడచుచున్నదా, రెండవ యేట చేరినవారికి దొరకునా యని ముందే యడుగవలెను.

ర్యాంకు సంగతి యొక యుదాహరణముతో చెప్పెదను. నాగావళి యొడ్డునగల గ్రామమునుండి నా శిష్యుడొకడు మెకానికల్ డిప్లొమా మంచి మార్కులతో ముగించెను. ఈసెట్‌లో తన శాఖ వరకు చక్కగా వ్రాసెను, కాని భౌతిక, రసాయన శాస్త్రములు వానిని ముంచినవి. ఏలయన డిప్లొమాలో ఆ రెండును మొదటి యేటనే ముగియును. మూడవ యేటికి పుస్తకములును, జ్ఞాపకమును రెండును పోవును. వానికి తగిన సీటు రాలేదు. ఏడాదికాలము ఒక కర్మాగారమున పనిచేయుచు, రాత్రులు మొదటి యేటి పుస్తకములను తిరుగ చదివి, మరల వ్రాసి సీటు సంపాదించెను. డిప్లొమా చేతిలో నుండుటచే ఆ యేడు వానికి జీతము వచ్చినది, లేకున్న నప్పులపాలగువాడు. ఈ యుదాహరణమున త్రోవయొక్క లోటును, గుణమును రెండును కనబడుచున్నవి. భౌతిక రసాయనములకు కలిపి 50 మార్కులు, అనగా మొత్తమున నాలుగవ పాలు. మొదటి యేటి నోటు పుస్తకములను తూకమున కమ్మివేయక దాచుడని పిల్లలకు చెప్పుడు. వారమున కొక గంట వానిని తిరుగవేసిన చాలును.

ఇక లోటు సంగతి. యంత్రపు చేతికి గణిత మెందుకని యడుగుదురు. మన ఏతమును తలచుకొనుడు. ఇరుసునుండి దూలపు కొనకు 10 అడుగులున్నవనుకొనుడు. దూలము సమముగా నున్నది; కొన క్రిందికి 30 డిగ్రీలు వంగినచో అది సరిగా 5 అడుగులు దిగును. వంపు తెలిసిన దిగుబడి తెలియును. దీనిని త్రికోణమితి చెప్పును. యంత్రపు చేతికి భుజము, మోచేయి, మణికట్టు అని యిట్టి ఇరుసులు అయిదో ఆరో వరుసగా నుండును. ఒక్కొక్కటి యెంత వంగిన వ్రేలికొన ఎచ్చట నుండునో గుణించుటకు మాత్రికల గణితము కావలెను. ఎంత వేగముగ కదలవలెనో చెప్పుటకు కలన గణితము కావలెను. త్రికోణమితి, మాత్రికలు, కలనము, అవకల సమీకరణములు డిప్లొమాలోను, ఈసెట్‌లోను నున్నవే. పరీక్షకు సరిపోవునంతవరకు కంఠస్థము చేసి వదలినవాడు బి.టెక్. రెండవ యేట, ఇంటరువారి ప్రక్కన కూర్చుండినప్పుడు, తడబడును. ఈసెట్ ముగిసి తరగతులు మొదలగువరకు దొరకు నెలలలో బి.టెక్. మొదటి యేటి గణితపుస్తకమును, ఒక ప్రోగ్రాము భాషను చదువుకొనినవాడు ఈ తడబాటును దాటును. ఆ నెలలను పెండ్లిండ్లలోను, పండుగలలోను పోగొట్టక కాపాడుట ఇంటిపెద్దల పని.

మూడేండ్ల డిప్లొమాకు నేను చెప్పు క్రమ మిది. మొదటి యేట ఆంగ్లమునందు భయము తీర్చుకొనవలెను. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవానికి పాఠము లర్థము కాకపోవుట తెలివిలేమి కాదు, భాషా భేదము. ఆరు నెలలలో నది సర్దుకొనును. ఆ యారు నెలలలోనే అనేకులు చదువు మానుచున్నారు కనుక అప్పుడు వానిని మందలింపక నిలబెట్టవలెను. రెండవ యేట ఏ పాఠమును తప్పి మిగుల్చుకొనరాదు. డిప్లొమా మొత్తము ఉత్తీర్ణుడు కానిచో ఈసెట్‌లో ర్యాంకు వచ్చినను ప్రయోజనము లేదు. మూడవ యేట పరిశ్రమలో శిక్షణ పొందునపుడు ధ్రువపత్రముకొరకు కాక, మోటారులును, వాని నియంత్రణమును కన్నులార చూచుటకు పోవలెను.

మన చేరువలో చదువు లేవని చింతింపనక్కరలేదు. శ్రీకాకుళములోను, విజయనగరములోను ప్రభుత్వ పాలిటెక్నికులు కలవు. విజయనగరపు దానిని ఎం.ఆర్.ఏ.జి.ఆర్. పాలిటెక్నికని పిలుతురు. ఆడపిల్లలకు ప్రత్యేకముగ భీమునిపట్టణమున నొకటి కలదు. పట్టపు చదువునకు విజయనగరమున 2007లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై 2022లో విశ్వవిద్యాలయమైన జె.ఎన్.టి.యు. గురజాడ కలదు. రాజాములోను, చింతలవలసలోను, టెక్కలిలోను ప్రైవేటు కళాశాలలు కలవు. విశాఖపట్టణమున 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము కలదు. ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివిన పిల్లవానికి డిప్లొమా రెండవ యేట చేరు వీలును, గణితముతో బి.ఎస్సీ. ముగించినవారికి ఈసెట్ వ్రాయు వీలును కలవు. నిచ్చెనకు ప్రతి మెట్టువద్దను ఒక చేయిపట్టు కలదని గ్రహింపవలెను.

ఆడపిల్లల విషయమున నొక్కమాట. సార్టెక్సు యంత్రమునకు కావలసినది కండబలము కాదు. చూపును, నిదానమును, లెక్కయును. పలాస జీడిపప్పు నేరు తల్లికి గల చూపు ఆమె కూతురికి వారసత్వముగా వచ్చును. ఆ కూతురికి పాలిటెక్నికు సీటు వచ్చినప్పుడు దూరమను నెపమున మాన్పించుట అన్యాయము. హాస్టలు కలదా, బస్సు కలదా యని విచారించి చేర్పింపవలెను.

ధనముమాట. కళాశాలలో చేర్చునప్పుడు సీటు కన్వీనరు కోటాలోనిదా, యాజమాన్యపు కోటాలోనిదా యని వ్రాతపూర్వకముగ తెలిసికొనుడు. రుసుము చెల్లింపు పథకములు ప్రభుత్వములతోపాటు మారుచుండును. ఆ యేటి నియమమును కళాశాల కార్యాలయముననే యడుగుడు. పొలము కుదువపెట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: ఈ శాఖనుండి మా బిడ్డ ఏ పట్టములకు అర్హుడు? ఈ కళాశాలలో రోబోటిక్సు పాఠములును, ప్రయోగశాలయు నిజముగా నున్నవా? క్రిందటి యేడు రెండవ యేట చేరిన పిల్లలతో మాటలాడవచ్చునా? మొత్తము వ్యయమెంత? ఈ నాలుగింటికి తిన్నగ సమాధానము చెప్పని చోట రంగురంగుల కాగితము చూచి సంతకము చేయవలదు.

ఈ ప్రసంగమును వినిన పెద్దలలో నొక్కరైనను ఈ వేసవిలో కౌన్సెలింగునకు పోవు పిల్లవానికో, పిల్లకో తోడుపోయి, శాఖల పట్టికను ముందుంచుకొని, ఆరేండ్ల లెక్క వ్రాసి చూపుదురేని ఆ కుటుంబమునకు గొప్ప యుపకారము చేసినవారగుదురు.